గర్భం దాల్చకముందే చేయించుకోవలసిన పరీక్షలు: పాఠకుల ప్రశ్నలు, డాక్టరు గారి జవాబులు

కడుపులోని బిడ్డకు హాని చేసే ఇన్‌ఫెక్షన్లను గర్భానికి ముందే గుర్తించడం గురించి పాఠకులు పంపిన ఉత్తరాలకు ఈసారి శీర్షికను పూర్తిగా కేటాయిస్తున్నాం. రాసినవారి కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు. జవాబులు ఇస్తున్నవారు స్త్రీల వైద్య నిపుణురాలు.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నా వయసు 27. పెళ్లయి ఏడాది కావస్తోంది. దసరా తర్వాత పిల్లల కోసం ప్రయత్నించాలనుకుంటున్నాం. మా పెద్దమ్మ కూతురికి పోయిన సంవత్సరం బాబు పుట్టాడు. వాడికి రెండు కళ్లలోనూ శుక్లాలు, గుండెలో లోపం ఉన్నాయి. అక్కకు రెండో నెలలో మూడు రోజులు కొద్దిపాటి జ్వరం, ఒంటి మీద ఎర్రటి దద్దుర్లు వచ్చి వాటంతటవే తగ్గిపోయాయి. వేడి చేసిందనుకుని ఎవరూ పట్టించుకోలేదు. నాకు అలా జరగకుండా ముందే ఏ పరీక్షలు చేయించుకోవాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీరు రాసిన వివరాలు రుబెల్లా అనే వైరస్‌ను గుర్తుచేస్తున్నాయి. బాబు రక్తపరీక్షలు చూడకుండా అదే కారణమని తేల్చడం న్యాయం కాదు. అయినా మొదటి నెలల్లో తల్లికి దద్దుర్లతో జ్వరం వచ్చిపోవడం, పుట్టిన బిడ్డలో కంటి శుక్లాలు, గుండె లోపం కలిసి కనిపించడం రుబెల్లాలో మేము తరచుగా చూసే సంగతే. కాబట్టి ఆ బాబుకు వినికిడి పరీక్ష ఇంకా చేయించకపోయి ఉంటే వెంటనే చేయించమని మీ అక్కకు చెప్పండి. రుబెల్లా సోకిన పిల్లలలో చెవుడు చాలా సాధారణం. దానిని నెలల వయసులోనే గుర్తిస్తే మాటలు నేర్పించడానికి దారి ఉంటుంది.

ఈ వ్యాధి తల్లికి ఏమంత పెద్దది కాదు. కాస్త జ్వరం, చెవుల వెనుక చిన్న గడ్డల్లాంటి వాపు, రెండు మూడు రోజుల దద్దుర్లు వచ్చి పోతాయి. కొందరికి దద్దుర్లు కూడా కనిపించవు. అదే వైరస్ మాయ గుండా బిడ్డను చేరినప్పుడు మాత్రం అవయవాలు రూపుదిద్దుకునే సమయంలోనే వాటి ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఈ సంగతిని మొదట గుర్తించినవాడు ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరానికి చెందిన కంటి వైద్యుడు నార్మన్ గ్రెగ్. పుట్టుకతోనే శుక్లాలున్న పసిపిల్లలు ఒక్కసారిగా ఎక్కువగా రావడం గమనించి, తల్లులను అడిగి తెలుసుకుంటే, వారిలో అత్యధికులకు గర్భం తొలిరోజుల్లో రుబెల్లా వచ్చిందని తేలింది. 1941లో ఆయన ఈ విషయాన్ని ప్రకటించాడు. 1964–65లో అమెరికాలో ఈ వ్యాధి ప్రబలినప్పుడు సుమారు 20 వేల మంది శిశువులు ఇటువంటి లోపాలతో పుట్టారు. 1969లో అక్కడ టీకా అందుబాటులోకి వచ్చింది.

తల్లికి మొదటి 12 వారాల లోపల రుబెల్లా సోకితే బిడ్డకు హాని జరిగే అవకాశం 90 శాతం దాకా ఉంటుంది. నెలలు గడిచే కొద్దీ అది తగ్గుతుంది. నెల తప్పిందని గ్రహించి, పరీక్ష చేసుకుని, డాక్టరు దగ్గరకు వెళ్లేసరికే ఆరేడు వారాలు గడిచిపోతాయి. బిడ్డ గుండె అప్పటికే చాలావరకు ఏర్పడి ఉంటుంది. పైగా రుబెల్లా టీకాలో ఉండేది బలహీనపరచిన సజీవ వైరస్ కనుక దానిని గర్భిణికి ఇవ్వం. అంటే ప్రమాదం ఎక్కువగా ఉన్న వారాలలో ఇవ్వగలిగిన రక్షణ మా చేతుల్లో లేదు. గర్భానికి ముందు మాత్రం ఒక్క సూదితో తీరిపోయే పని ఇది. పరీక్షలన్నీ కడుపు నిలిచాక చూసుకుందామనే వారితో నేను వాదించేది ఇందుకే.

మన రెండు తెలుగు రాష్ట్రాలలో 9 నెలల నుంచి 15 ఏళ్ల లోపు పిల్లలందరికీ తట్టు–రుబెల్లా టీకా వేసే కార్యక్రమం 2017 ఆగస్టులో జరిగింది. ఆ తర్వాత చిన్నపిల్లల టీకాల పట్టికలో అది భాగమైంది. మీ వయసును బట్టి మీరు ఆ కార్యక్రమం నాటికే 15 దాటి ఉంటారు. చిన్నప్పుడు ప్రైవేటు ఆసుపత్రిలో ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా మూడింటికీ కలిపిన టీకా) వేయించి ఉంటే తప్ప మీకు రుబెల్లా టీకా పడి ఉండకపోవచ్చు. అమ్మగారి బీరువాలో మీ టీకాల కార్డు దొరుకుతుందేమో చూడండి. దొరకకపోతే రుబెల్లా ఐజీజీ అనే రక్తపరీక్ష చేయించుకోండి. పాజిటివ్ అని వస్తే మీకు రక్షణ ఉన్నట్టే. నెగటివ్ అయితే ఎంఎంఆర్ టీకా వేయించుకుని, ఆ తర్వాత కనీసం ఒక నెల గర్భం రాకుండా జాగ్రత్త పడండి. పరీక్ష చేయించుకునే వీలు లేకపోతే నేరుగా టీకా వేయించుకున్నా తప్పు లేదు. రక్షణ ఉన్నవారికి మరో డోసు పడితే హాని జరగదు. తెలియక ఆ నెలలోనే గర్భం నిలిస్తే కంగారుపడి తీయించుకోవలసిన అవసరం లేదు. అలా టీకా పడిన తల్లులను అనేక దేశాల్లో గమనించారు. ఒక్క బిడ్డకైనా టీకా వల్ల రుబెల్లా లోపాలు వచ్చినట్టు తేలలేదు.

రుబెల్లాతో పాటు మీరిద్దరూ హెచ్ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి పరీక్షలు చేయించుకోండి. మీ ఒక్కరికే కాదు, మీ వారికి కూడా. ఆటలమ్మ మీకు చిన్నప్పుడు పోసిందో లేదో అమ్మగారిని అడగండి. పరీక్షలతో సంబంధం లేకుండా, గర్భానికి కనీసం నెల రోజుల ముందు నుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మాత్ర వేసుకోవడం మొదలుపెట్టండి.

ప్రశ్న: మేడమ్, నాకు రెండుసార్లు మూడో నెలలో గర్భం పోయింది. రెండోసారి తర్వాత టార్చ్ టెస్టు, అంటే బిడ్డకు హాని చేసే కొన్ని ఇన్‌ఫెక్షన్లకు కలిపి చేసే రక్తపరీక్ష చేయించారు. టాక్సోప్లాస్మా అనే క్రిమి, రుబెల్లా, సీఎంవీ అనే వైరస్ మూడింటికీ ఐజీజీ పాజిటివ్ అని వచ్చింది. ఒంట్లో క్రిములు ఉన్నాయని, మూడు నెలలు మందులు వాడి, మళ్లీ టెస్టు చేసి నెగటివ్ అయ్యాకే గర్భానికి వెళ్లాలని చెప్పారు. మందులు వాడాను. మళ్లీ చేయిస్తే మళ్లీ పాజిటివే. మా అత్తగారు నాలోనే లోపముందని బంధువుల దగ్గర అంటున్నారు. ఇది ఎప్పటికి నెగటివ్ అవుతుంది?
– ఒక సోదరి, కరీంనగర్

జవాబు: అది ఎప్పటికీ నెగటివ్ కాదమ్మా, కావలసిన అవసరమూ లేదు. ఐజీజీ అనేది రోగక్రిమి కాదు. ఎప్పుడో వచ్చిపోయిన ఇన్‌ఫెక్షన్‌ను, లేదా వేయించుకున్న టీకాను మన శరీరం గుర్తుపెట్టుకుని తయారుచేసుకున్న రక్షణ పదార్థం. ఒకసారి తయారైతే చాలావరకు జీవితాంతం రక్తంలో ఉంటుంది. రుబెల్లా ఐజీజీ పాజిటివ్ అంటే మీ బిడ్డకు రుబెల్లా నుంచి రక్షణ ఉందని అర్థం. పైన తెనాలి పాఠకురాలిని నేను చేయించుకోమన్న పరీక్షలో కోరుకునే ఫలితం అదే. సీఎంవీ విషయానికి వస్తే, మన దేశంలో పెద్దవాళ్లలో అత్యధికులకు చిన్నతనంలోనే అది వచ్చిపోయి ఉంటుంది. మీ అత్తగారికి, మీ వారికి, నాకు పరీక్ష చేసినా ఐజీజీ పాజిటివ్ అనే వచ్చే అవకాశమే ఎక్కువ. మీ రిపోర్టులో లోపం ఏదీ లేదు. ఈ మాట మీ అత్తగారికి చదివి వినిపించండి. లేదా ఆమెను కూడా వెంటబెట్టుకుని స్త్రీల వైద్యుల దగ్గరకు వెళ్లి వారి నోటితోనే చెప్పించండి.

ఈ పరీక్షల గుంపుకు 1971లో టార్చ్ అనే పేరు పెట్టింది పుట్టిన బిడ్డలో జబ్బు లక్షణాలు కనిపించినప్పుడు కారణాన్ని వెతకడానికి. పదేపదే గర్భం పోయే స్త్రీలలో కారణం తెలుసుకోవడానికి ఇది పనికిరాదు. ఒకసారి ఇన్‌ఫెక్షన్ సోకిన సమయంలో గర్భం పోవచ్చునేమో గాని, పాత ఇన్‌ఫెక్షన్ ఒకదాని తర్వాత ఒకటిగా గర్భాలను పోగొట్టదు. అందుకే వరుస గర్భస్రావాలకు టార్చ్ పరీక్ష అవసరం లేదని అంతర్జాతీయ మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. అయినా మన పట్టణాల్లో ఈ పరీక్ష రాయడం, ఐజీజీ పాజిటివ్ చూసి నెలల తరబడి యాంటీబయాటిక్‌లు వాడించడం ఇంకా ఆగలేదు. ఇది నన్ను బాధించే విషయం. డబ్బు పోవడం ఒకటి, ఆ కాగితం పట్టుకుని ఇంట్లో ఆడపిల్లను దోషిగా నిలబెట్టడం మరొకటి. రెండోది ఇంకా పెద్ద నష్టం.

రిపోర్టులో ఐజీజీ పక్కనే ఉండే ఐజీఎం పాజిటివ్ వస్తే ఏమిటని కూడా చాలామంది అడుగుతారు. కొత్త ఇన్‌ఫెక్షన్‌కు అది గుర్తే గాని, కొందరిలో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదికి పైగా మిగిలిపోతుంది. ఏ ఇన్‌ఫెక్షనూ లేకుండా తప్పుగా పాజిటివ్ రావడం కూడా ఉంది. అప్పుడు రెండు మూడు వారాల తేడాతో మళ్లీ పరీక్షించి, ఐజీజీ ఎంత గట్టిగా అతుక్కుంటోందో కొలిచే అవిడిటీ పరీక్ష చేసి, ఇన్‌ఫెక్షన్ కొత్తదా పాతదా తేల్చాలి. ఒక్క ఐజీఎం కాగితం చూసి మందులు మొదలుపెట్టడం గాని, గర్భం తీయించుకోవడం గాని తగదు.

మీకు నిజంగా చేయవలసిన పరీక్షలు వేరే ఉన్నాయి. తొలి మూడు నెలల్లో పోయే గర్భాలలో సుమారు సగం పిండంలోని క్రోమోజోముల తేడా వల్ల పోతాయి. అందులో తల్లి చేసిన తప్పేమీ ఉండదు. రెండుసార్లు పోయింది కాబట్టి రక్తం గడ్డకట్టేలా చేసి గర్భాన్ని పోగొట్టగల యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు, థైరాయిడ్, షుగరు చూడాలి. గర్భసంచి లోపల అడ్డుగోడ వంటిది ఉందేమో స్కానింగ్‌లో చూడాలి. అవసరమైతే మీ ఇద్దరి క్రోమోజోముల పరీక్ష చేయించాలి. గర్భస్రావాలున్న స్త్రీకి ఇన్‌ఫెక్షన్లలో తప్పక చేయవలసింది సిఫిలిస్ పరీక్ష. మీ రిపోర్టులలో అది చేసినట్టు రాయలేదు. చేయించుకోండి.

ప్రశ్న: మా అమ్మాయికి సంబంధం కుదిరింది. మాఘమాసంలో పెళ్లి. అబ్బాయి మంచివాడు, బెంగుళూరులో ఉద్యోగం. రక్తపరీక్షలు చేయించమని అడిగితే వియ్యాలవారు ఏమనుకుంటారోనని మావారు వెనుకాడుతున్నారు. పెళ్లికి ముందు అడగవచ్చా? ఏ పరీక్షలు అడగాలి?
– ఒక తల్లి, అనకాపల్లి

జవాబు: అడగవచ్చునమ్మా. అయితే అబ్బాయిని ఒక్కడినే చేయించుకోమనకండి. ఇద్దరూ చేయించుకుందామని మీ అమ్మాయి చేతనే అబ్బాయికి చెప్పించండి. పుట్టబోయే పిల్లల కోసం ఇద్దరం చూపించుకుందామన్నప్పుడు అందులో అనుమానం వాసన ఉండదు. పెద్దల మధ్య మర్యాదల చర్చగా మారే అవకాశమూ తగ్గుతుంది. హెచ్ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, ఈ నాలుగూ చాలు. ఫలితం ఎవరిది వారికే చెందుతుంది. హెచ్ఐవీ పరీక్షను సమ్మతి లేకుండా చేయకూడదని, ఫలితాన్ని గోప్యంగా ఉంచాలని 2017 నాటి చట్టం చెబుతోంది. పిల్లలిద్దరూ కలిసి వెళ్లి, కౌన్సెలర్‌తో మాట్లాడి, రిపోర్టులు తామే తీసుకుని, ఒకరికొకరు చూపించుకోవడం సరైన పద్ధతి. ఇటీవలే సోకిన హెచ్ఐవీ పరీక్షలో మూడు నెలల వరకు కనపడకపోవచ్చు. అటువంటి సందేహం ఉన్నవారు మూడు నెలల తర్వాత మళ్లీ చేయించుకోవాలి.

ఈ నాలుగింటిలో సిఫిలిస్ గురించి కొంచెం ఎక్కువగా చెబుతాను. పెద్దలు సవాయి రోగమనేవారే, అది ఇదే. అది పాతకాలపు జబ్బు, ఇప్పుడెక్కడుంది అనుకుంటారు గాని, అది పోలేదు. మొదట నొప్పి లేని పుండు వచ్చి దానంతటదే మానిపోతుంది. కొన్ని వారాలకు అరచేతుల్లో, అరికాళ్లలో మచ్చలు వచ్చి అవీ పోతాయి. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఏ బాధా ఉండదు. మనిషి ఆరోగ్యంగా కనిపిస్తాడు, రక్తంలో వ్యాధి ఉంటుంది. చికిత్స అందని తల్లులలో సగానికి పైగా గర్భాలకు ఏదో ఒక హాని జరుగుతుంది. గర్భం పోవడం, నెలలు నిండాక బిడ్డ కడుపులోనే చనిపోవడం, నెలలు నిండకుండా పుట్టడం, పుట్టిన బిడ్డకు వ్యాధి సోకి ఉండటం, ఇవన్నీ చూస్తాం. ఇంత నష్టం చేసే వ్యాధికి చికిత్స మాత్రం చాలా తేలిక. 24 లక్షల యూనిట్ల బెంజాథీన్ పెన్సిలిన్ సూది, వ్యాధి కొత్తదైతే ఒక్కసారి, ఎప్పుడు సోకిందో తెలియకపోతే వారానికొకటి చొప్పున మూడుసార్లు. సిఫిలిస్‌కు మొదట చేసే వీడీఆర్ఎల్ పరీక్ష ఒక్కోసారి వేరే కారణాల వల్ల కూడా పాజిటివ్ వస్తుంది కనుక టీపీహెచ్ఏ అనే మరో పరీక్ష చేసి నిర్ధారించుకోవాలి. భార్యాభర్తలలో ఒకరికే చికిత్స చేసి వదిలేస్తే వ్యాధి మళ్లీ తిరిగి వస్తుంది కాబట్టి ఇద్దరికీ చేయాలి.

ప్రశ్న: రక్తదానం చేసినప్పుడు నాకు హెపటైటిస్ బి ఉందని తెలిసింది. నాకు ఏ ఇబ్బందీ లేదు. పెళ్లయి నాలుగు నెలలైంది. భార్యకు ఇంకా చెప్పలేదు. నా నుంచి పుట్టే బిడ్డకు ఈ జబ్బు వస్తుందా? మేము పిల్లలను కనకూడదా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: నిస్సందేహంగా కనవచ్చు. కానీ ఆ ముందు ఆమెకు చెప్పండి. రేపటికి వాయిదా వేయకండి. ఇది కాపురంలో నిజాయితీకి సంబంధించిన విషయం మాత్రమే కాదు. ఈ వైరస్ దాంపత్య సంబంధం ద్వారా ఆమెకు సోకగలదు, ఆమెకు టీకా వేస్తే సోకకుండా ఆగగలదు. మీరు చెప్పకుండా గడిపే ప్రతి నెలా ఆ రక్షణ ఆలస్యమవుతుంది. మీకు ఇది ఎలా వచ్చిందో బహుశా ఎప్పటికీ తెలియదు. మన దేశంలో చాలామందికి ఇది పుట్టుకలోనో పసితనంలోనో సోకుతుంది. చెప్పడానికి సిగ్గుపడవలసిన కారణం ఏదీ ఇందులో లేదు.

ఆమెకు వైరస్ ఉందో లేదో చెప్పే హెచ్‌బీఎస్ యాంటిజెన్, దానితో పాటు రక్షణ ఉందో లేదో చెప్పే యాంటీబాడీ పరీక్షలు చేయించండి. ఆమెకు వైరస్ లేదు, రక్షణ కూడా లేదు అని తేలితే వెంటనే టీకా మొదలుపెట్టాలి. మొదటి డోసు, నెలకు రెండోది, ఆరో నెలలో మూడోది. మూడో డోసు తర్వాత ఒకటి రెండు నెలలకు రక్షణ వచ్చిందో లేదో పరీక్షించి చూసేవరకు కండోమ్ వాడండి. మధ్యలో గర్భం నిలిచినా ఈ టీకా ఆపనక్కరలేదు, ఇందులో సజీవ వైరస్ ఉండదు. తల్లికి వైరస్ లేనప్పుడు తండ్రి నుంచి కడుపులోని బిడ్డకు నేరుగా సోకుతుందన్న భయం పెట్టుకోకండి. ఇంట్లో మీ బ్లేడు, టూత్‌బ్రష్, గోళ్ల కత్తెర విడిగా ఉంచుకోండి. ఒకే కంచంలో తిన్నా, పక్కపక్కన పడుకున్నా, బిడ్డను ముద్దాడినా ఇది సోకదు.

ఆమెకు కూడా పాజిటివ్ వచ్చిందనుకుందాం. అప్పుడూ దారి ఉంది. కాలేయ పరీక్షలు, వైరస్ మోతాదు చూస్తారు. మోతాదు మిల్లీలీటరుకు 2 లక్షల యూనిట్లకు మించితే ఏడో నెల నుంచి వైరస్‌ను తగ్గించే టెనోఫోవిర్ మాత్ర ఇస్తారు. బిడ్డ పుట్టిన 12 గంటల లోపల ఒక తొడకు ఇమ్యునోగ్లోబులిన్ (వెంటనే రక్షణనిచ్చే సూది), మరో తొడకు టీకా వేస్తారు. టీకా ఎట్టి పరిస్థితుల్లోనూ 24 గంటలు దాటకూడదు. ఆ గంటలకు ఎందుకంత విలువ అంటే, పుట్టుకలో ఈ వైరస్ సోకిన పిల్లలలో 90 శాతం మందికి అది జీవితాంతం ఉండిపోయి, పెద్దయ్యాక కాలేయం గట్టిపడటానికో, క్యాన్సర్‌కో దారితీయవచ్చు. పెద్దయ్యాక సోకిన వారిలో అలా ఉండిపోయేది 5 శాతం లోపే. ఇమ్యునోగ్లోబులిన్ అన్ని ఆసుపత్రుల్లోనూ నిల్వ ఉండదు, ఖరీదు కూడా ఎక్కువ. కాబట్టి కాన్పు తేదీకి వారం పది రోజుల ముందే అది అక్కడ ఉందని రూఢి చేసుకోండి. బిడ్డకు ఇవి పడ్డాక తల్లిపాలు నిరభ్యంతరంగా ఇవ్వవచ్చు.

మీకు ఇబ్బంది లేదన్నారు గాని, మీ కాలేయాన్ని కూడా ఆరు నెలలకోసారి చూపించుకోండి. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితం.

ప్రశ్న: భార్యాభర్తలిద్దరం మూడేళ్లుగా హెచ్ఐవీకి ఇచ్చే ఏఆర్‌టీ మందులు వాడుతున్నాం. మాకూ ఒక బిడ్డ కావాలని ఉంది. అలా కోరుకోవడం పాపమా?
– రాజమహేంద్రవరం నుంచి ఒక జంట

జవాబు: ఎంతమాత్రం కాదు. మీ కోరిక ధర్మమైనది, నెరవేరగలిగినది. మందులు లేని రోజుల్లో హెచ్ఐవీ ఉన్న తల్లుల నుంచి 15 నుంచి 45 శాతం మంది పిల్లలకు అది సోకేది. గర్భానికి ముందు నుంచే మందులు క్రమం తప్పకుండా వేసుకుంటూ, రక్తంలో వైరస్ కనపడని స్థాయికి తగ్గిన తల్లి విషయంలో అది ఒక శాతం లోపే. అందుకని మీరు మొదట మీ ఏఆర్‌టీ కేంద్రంలో మీ కోరిక చెప్పి, ఇద్దరికీ రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే వైరల్ లోడ్ పరీక్ష చేయించుకోండి. ఇద్దరికీ వైరస్ కనపడని స్థాయిలో ఉందని తేలాక ప్రయత్నించండి. అప్పటి వరకు కండోమ్ మానకండి. గర్భం తెలియగానే భయపడి మందులు ఆపేసేవారిని చూశాం. అది బిడ్డకు అన్నిటికంటే ఎక్కువ కీడు చేసే పని. ఒక్క రోజు కూడా ఆపవద్దు. క్షయ ఉందేమో, సిఫిలిస్, హెపటైటిస్‌లు ఉన్నాయేమో కూడా ముందే చూపించుకోండి.

కాన్పు ఆసుపత్రిలోనే జరగాలి. కేవలం హెచ్ఐవీ ఉందన్న కారణంగా సిజేరియన్ చేయనక్కరలేదు. పుట్టిన బిడ్డకు ఆరు వారాల పాటు మందు సిరప్ పడుతుంది. ఆరో వారంలో మొదటి రక్తపరీక్ష చేసి, 18 నెలలు నిండాక తుది నిర్ధారణ చేస్తారు. మొదటి ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే పట్టండి. మధ్యలో డబ్బాపాలు, ఆవుపాలు కలపవద్దు. మిమ్మల్ని ఎక్కడైనా చేర్చుకోబోమంటే అది చట్టవిరుద్ధం. హెచ్ఐవీ సహాయవాణి 1097 నంబరుకు ఫోను చేసి చెప్పండి.

ప్రశ్న: నేను యూకేజీ పిల్లలకు టీచరుగా పనిచేస్తున్నాను. ప్రతి ఏడాది ఎండాకాలం ముందు తరగతిలో ఎవరో ఒకరికి ఆటలమ్మ పోస్తుంది. నాకు చిన్నప్పుడు పోయలేదని మా అమ్మ చెబుతుంది. గర్భం వస్తే ఉద్యోగం మానేయాలా?
– ఒక ఉపాధ్యాయిని, నిజామాబాద్

జవాబు: ఉద్యోగం మానవద్దు, టీకా వేయించుకోండి. ముందుగా వారిసెల్లా (ఆటలమ్మ వైరస్) ఐజీజీ పరీక్ష చేయించుకోవడం మేలు. చిన్నప్పుడు ఆటలమ్మ చాలా తేలికగా వచ్చి, తల్లిదండ్రులు గుర్తించకుండానే తగ్గిపోయిన సందర్భాలూ ఉంటాయి. రక్షణ లేదని తేలితే నాలుగు నుంచి ఎనిమిది వారాల తేడాతో రెండు డోసులు, రెండో డోసు తర్వాత మరో నెల ఆగడం, అంటే మొత్తం మూడు నెలల ప్రణాళిక అవసరం. వేసవి సెలవుల్లో గర్భానికి ప్రయత్నించాలనుకుంటే సంక్రాంతికే మొదలుపెట్టాలి.

గర్భిణికి ఆటలమ్మ పోస్తే పసిబిడ్డకు అంగలోపాలు రావడం అరుదు. ప్రమాదం ఎక్కువగా ఉండే నాలుగు, ఐదు నెలల్లో కూడా అది సుమారు రెండు శాతమే. తల్లికి ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరడం, కాన్పుకు సరిగ్గా కొద్ది రోజుల ముందు పోస్తే పుట్టిన బిడ్డకు తీవ్రంగా రావడం, ఈ రెండింటికీ మేము ఎక్కువ భయపడతాం. అమ్మవారు పోసిందని గుమ్మానికి వేపమండలు కట్టి మందులు వాడకపోవడం మన ఇళ్లలో ఆచారం. వేపమండలు కట్టుకోండి, దానికి అభ్యంతరం లేదు. గర్భిణి విషయంలో మాత్రం అదే రోజు డాక్టరుకు చూపించి అసిక్లోవిర్ అనే మందు మొదలుపెట్టాలి.

చిన్నపిల్లల ఉమ్మి, మూత్రం ద్వారా సోకే సీఎంవీకి టీకా లేదు. పిల్లల ముక్కు తుడిచాక, బట్టలు మార్చాక సబ్బుతో చేతులు కడుక్కోండి. వారి ఎంగిలి తినకండి. దీనికి గర్భానికి ముందు రక్తపరీక్ష చేయించినందువల్ల చేయగలిగింది మారదు కనుక నేను రాయను.

ప్రశ్న: మా ఇంట్లో రెండు పిల్లులున్నాయి. గర్భం రావాలంటే వాటిని వదిలేయాలని అందరూ అంటున్నారు. నిజమా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: వదిలేయనక్కరలేదు. పిల్లుల గురించి అందరూ భయపడేది టాక్సోప్లాస్మా అనే క్రిమి వల్ల. అది పిల్లి మలం ద్వారా వస్తుంది, పిల్లిని నిమిరితే రాదు. మలంలో పడిన క్రిమి సోకగలిగే స్థితికి రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది కాబట్టి ఆ తొట్టిని రోజూ మీ వారు శుభ్రం చేస్తే చాలు. పిల్లులకు పచ్చి మాంసం పెట్టకండి. మీరు కూడా సరిగా ఉడకని మాంసం తినకండి, కూరగాయలు బాగా కడగండి, మొక్కల మట్టి పని చేసేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి.

ప్రశ్న: నేను న్యూజెర్సీలో ఉంటున్నాను. ఇక్కడ గర్భానికి ముందు చేసిన పరీక్షల్లో టీబీ రక్తపరీక్ష పాజిటివ్ వచ్చింది. నాకు దగ్గు, జ్వరం లేవు. చిన్నప్పుడు బీసీజీ (టీబీ టీకా) వేసినందువల్ల అలా వచ్చిందని మా బంధువులు అంటున్నారు. ఇక్కడి డాక్టరు మందులు వాడమంటున్నారు.
– ఒక సోదరి, అమెరికా

జవాబు: బీసీజీ వల్ల చర్మం మీద చేసే సూది పరీక్ష పాజిటివ్ రావచ్చు గాని, ఈ రక్తపరీక్ష మీద దాని ప్రభావం ఉండదు. ఛాతీ ఎక్స్‌రేలో ఏమీ లేకపోతే మీ ఒంట్లో క్షయ క్రిమి నిద్రాణంగా ఉందని అర్థం. ఆ స్థితిలో అది మీ నుంచి ఎవరికీ సోకదు. గర్భానికి ఇంకా సమయం ఉంది కాబట్టి మీ డాక్టరు చెప్పినట్టు ఇప్పుడే మందుల కోర్సు పూర్తి చేసుకోవడం తెలివైన పని. అది సాధారణంగా మూడు నాలుగు నెలలు ఉంటుంది. ఆ మందులు గర్భనిరోధక మాత్రల బలాన్ని తగ్గిస్తాయి. కోర్సు పూర్తయ్యేవరకు కండోమ్ వంటి వేరే పద్ధతి వాడండి. మధ్యలో గర్భం వస్తే వెంటనే వారికి చెప్పండి. నిద్రాణ క్షయకు మందులను చాలామందికి కాన్పు తర్వాతకు వాయిదా వేస్తారు.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను ఆశా కార్యకర్తను. మా ఊళ్లో కొత్తగా పెళ్లయిన జంటలకు ఈ పరీక్షల గురించి చెబితే, కడుపు నిలిచాక ఎలాగూ చేస్తారు కదా అంటున్నారు. డబ్బు లేనివాళ్లు ఎక్కడ చేయించుకోవాలి?
– ఒక ఆశా కార్యకర్త, శ్రీకాకుళం జిల్లా

జవాబు: కడుపు నిలిచాక హెచ్ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బి పరీక్షలు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితంగా చేస్తారు. ముందు చేయించుకున్నవారికి కూడా ఇవి మళ్లీ చేయాలి. అయితే మన పల్లెల్లో చాలామంది మూడో నెల దాటాకనే పేరు నమోదు చేయించుకుంటారు. భర్తకు పరీక్ష జరగదు. గర్భానికి ముందు కూడా హెచ్ఐవీ పరీక్ష ఐసీటీసీ (ప్రభుత్వ హెచ్ఐవీ సలహా, పరీక్ష) కేంద్రాలలో ఉచితం. సుఖవ్యాధులకు పరీక్ష, చికిత్స సురక్ష క్లినిక్‌లలో లభిస్తాయి. రుబెల్లా పరీక్షకు, పెద్దవారి ఎంఎంఆర్ టీకాకు మాత్రం ప్రస్తుతం చాలాచోట్ల సొంత ఖర్చు పెట్టుకోవలసి వస్తుంది. డబ్బు తక్కువగా ఉన్నవారికి పరీక్ష వదిలేసి టీకా ఒక్కటే వేయించుకోమని చెప్పండి.

మీ దగ్గరున్న అర్హులైన దంపతుల రిజిస్టరులో కొత్త జంట పేరు రాసేటప్పుడే రెండు సంగతులు అడగండి: అమ్మాయికి రుబెల్లా టీకా పడిందా, ఇద్దరికీ రక్తపరీక్ష జరిగిందా. మీ ప్రాంతం నుంచి చాలామంది మగవాళ్లు హైదరాబాదు, చెన్నై, గల్ఫ్ దేశాలకు పనులకు వెళ్తారు. వాళ్లు సంక్రాంతికి వచ్చినప్పుడు వారం పది రోజులే ఇంట్లో ఉంటారు. ఆ రోజుల్లో ఏ పూట ల్యాబ్ తెరిచి ఉంటుందో మీ ఏఎన్ఎం గారిని ముందే అడిగి తెలుసుకుని, భార్యాభర్తలిద్దరినీ ఒకేసారి తీసుకువెళ్లండి.